నాగార్జునకొండ: నాటి గిరిదుర్గము - నేటి విహార ద్వీపము

ఖమ్మము జిల్లాలోని పాలేరు జలాశయపు కట్టమీద నిలిచి చూచిన రైతు కన్నులకు కనుపించునది నీరు. ఆ నీరు ఎచ్చటిదని అడిగినచో చిన్నపిల్లవాడు కూడ "సాగరు నీరు" అని బదులు చెప్పును. కృష్ణానదిపై నిర్మింపబడిన నాగార్జునసాగరము నుండి ఎడమ కాలువ, అనగా లాల్ బహదూర్ కాలువ, నల్లగొండ, సూర్యాపేట ప్రాంతములను తడుపుచు మన ఖమ్మము పొలములకు వచ్చుచున్నది. ఒకప్పుడు వానకై ఆకసమువైపు చూచిన నేలలో ఆ నీటివలన వరి పండుచున్నది.

అయితే ఇంత నీరు నిలుచుటకు చోటు కావలెను గదా! ఆ చోట అంతకుముందు ఏమి ఉండెను? అచ్చట ఒక లోయ ఉండెను. లోయలో పదునేడు వందల యేండ్ల నాటి రాజధాని శిథిలములు ఉండెను. వాటి నడుమ ఒక కొండయు, కొండపై ఒక కోటయు ఉండెను. నేడు లోయ నీటి అడుగున ఉన్నది. కోటకొండ మాత్రము ద్వీపమై నీటిపై నిలిచి ఉన్నది. ఒకనాడు శత్రువును రానీయకుండుటకు కట్టిన ఆ కొండకు నేడు పిల్లలు, పెద్దలు, దేశవిదేశముల యాత్రికులు పడవలపై తరలి వచ్చుచున్నారు. ఈ మార్పు ఎట్లు కలిగినదో, దానినుండి ఖమ్మము, భద్రాచలము అటవీ ప్రాంతములవారు గ్రహింపదగిన దేమో ఈ వ్యాసమున మనవి చేయుదుము.

కొండమీది కోట

నాగార్జునకొండ కృష్ణకు కుడిగట్టున, పల్నాటిసీమలో, మాచర్లకు సమీపమున ఉన్నది. ఈ లోయకు మూడు వైపుల నల్లమల కొండల వరుసలు, నాలుగవ వైపున కృష్ణానది. ప్రకృతియే కట్టిపెట్టిన కోట వంటిది ఆ ప్రదేశము. నది దాటి వచ్చువానిని, కనుమ దిగి వచ్చువానిని కూడ నడిమి కొండమీది కావలివాడు ముందుగనే చూడగలడు. అందుచేతనే మధ్యయుగమున ఈ కొండపై గిరిదుర్గము వెలసినది. దీనిని పదునాలుగవ శతాబ్దిలో రెడ్డిరాజులు కట్టించియుందురని చరిత్రకారుల అభిప్రాయము. కొండ అంచు వెంబడి రాతిగోడలు, బురుజులు, ద్వారములు నిర్మింపబడెను. వాటి శిథిలములను నేటికిని చూడవచ్చును.

రెడ్డిరాజుల తరువాత ఈ ప్రాంతము ఓఢ్ర గజపతుల వశమయ్యెను. గజపతులపై శ్రీకృష్ణదేవరాయలు దండెత్తి 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని గెలుచుకొనెను. కొండవీటిని చేరకముందు రాయలు వశపరచుకొనిన దుర్గముల పేర్లు శాసనములలో చెక్కబడి ఉన్నవి. అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, తంగెడ, కేతవరములతోపాటు నాగార్జునకొండ పేరును అందున్నది.

ఇచ్చట మన ప్రాంతపు పాఠకులకు ఒక విశేషము చెప్పవలెను. రాయలు తరువాత కృష్ణ దాటి కొండపల్లిని గెలిచి తెలంగాణపు గిరిదుర్గములపైకి నడిచెను. ఆ వరుసలో అనంతగిరి, ఉండ్రుగొండ, నల్లగొండ, కనకగిరులతోపాటు కంభంమెట్టు అను పేరు కనుపించుచున్నది. కంభంమెట్టు అనగా మన ఖమ్మమే. కనుక నాగార్జునకొండ, ఖమ్మము ఖిల్లా ఒకే యుద్ధకాలమును చూచిన తోబుట్టువుల వంటివి. ఒకటి నీటి నడుమ ఒంటరిగా నిలిచినది. రెండవది పట్టణము నడుమ నిలిచినది.

ఫిరంగులు వచ్చినవి, రాజ్యములు మారినవి, దారులు మారినవి. కొండకోటల ఉపయోగము క్రమముగా తగ్గిపోయెను. నాగార్జునకొండ కోటను అడవి ఆక్రమించెను. లోయలో పుల్లారెడ్డిగూడెము వంటి పల్లెలు, పొలములు, పశువుల మందలు మిగిలెను.

లోయలోని రాజధాని

కోట కట్టుటకు వేయి సంవత్సరములకు ముందే ఆ లోయలో ఒక మహానగరము ఉండెను. శాతవాహనుల అనంతరము, క్రీస్తు శకము మూడవ శతాబ్దిలో, ఇక్ష్వాకు వంశపు రాజులు ఇచ్చట విజయపురి అను రాజధానిని నెలకొల్పిరి. శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు అను నలుగురు రాజుల పేర్లు శాసనములవలన తెలియుచున్నవి. ఈ కొండలకు అప్పటి పేరు శ్రీపర్వతము. బౌద్ధాచార్యుడైన నాగార్జునుని పేరుతో తరువాతి కాలమున ఈ కొండ ప్రసిద్ధమైనది.

ఆ రాజులు వైదిక యజ్ఞములు చేసిరి. అంతఃపుర స్త్రీలు బౌద్ధ సంఘమునకు దానములు చేసిరి. శాంతమూలుని సోదరి శాంతిశ్రీ మహాచైత్యమునకు ప్రధాన దాత. బోధిశ్రీ అను ఉపాసిక వేయించిన శాసనములో కాశ్మీరము, గాంధారము, చీనా, సింహళము మొదలగు దేశముల ప్రస్తావన ఉన్నది. సింహళ భిక్షువులకై ప్రత్యేకముగా ఒక విహారము ఉండెను. జ్వరపీడితులు కోలుకొనుటకు ఒక గృహము ఉండెనని కూడ శాసనమువలన తెలియుచున్నది. కృష్ణ ఒడ్డున శివునికి, కార్తికేయునికి దేవాలయములు వెలసెను.

మహాచైత్యపు కట్టుబడి మన తాపీమేస్త్రులకును ఆసక్తి కలిగించును. దాని వ్యాసము 106 అడుగులు. అంత పెద్ద గుమ్మటమును ఇటుకతో నింపినచో ఇటుకయు, శ్రమయు అపారముగా ఖర్చగును. మట్టితో మాత్రమే నింపినచో వానలకు క్రుంగిపోవును. అందుచేత వారు అడుగున బండిచక్రము వలె గోడలు లేపిరి. నడుమ కుండ, దానినుండి ఆకులు, చుట్టును కమ్మి. గోడల మధ్య ఖాళీలను మన్నుతో పూడ్చిరి. బరువును గోడలు మోసెను. ఖర్చును మన్ను తగ్గించెను. చక్రము ధర్మమునకు గుర్తుగను ఉండెను, కట్టడమునకు బలముగను ఉండెను.

ఆ నగరములో ఒక రంగస్థలము కూడ ఉండెను. నడుమ దీర్ఘచతురస్రపు ఆవరణ, దాని నాలుగు వైపుల మెట్లు మెట్లుగా కూర్చుండు తావులు. ఎక్కడ కూర్చున్నను నడుమ జరుగునది కనుపించును. ఇట్టి కట్టడము మన దేశమున బహు అరుదు. యుద్ధములో మరణించిన సైనికులకు, పేరుపొందిన పనివారికి, రాజునకు కూడ ఛాయాస్తంభములు నిలిపిరి. మన పల్లెల పొలిమేరలలోని వీరగల్లులకు అవి పెద్దలు.

ఒక ఉపాధ్యాయుని చూపు

ఇంతటి నగరము నేలలో కలిసి పదునారు శతాబ్దులు గడచినవి. పశువుల కాపరులు ఆ రాళ్ళమీదనే కూర్చుండిరి. రైతులు ఆ ఇటుకల మీదుగానే నాగలి నడపిరి. దానిని లోకమునకు తెలిపినవాడు గొప్ప అధికారి కాడు, సూరపరాజు వేంకటరామయ్య అను స్థానిక ఉపాధ్యాయుడు. 1926లో ఆయన అచ్చట ఒక ప్రాచీన స్తంభమును చూచి, అది సామాన్యమైన రాయి కాదని గ్రహించి, మద్రాసు ప్రభుత్వమునకు తెలియజేసెను. శాసన శాఖలో తెలుగు సహాయకుడుగా ఉండిన రంగస్వామి సరస్వతి వచ్చి పరిశీలించెను. 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్‌స్ట్ త్రవ్వకములు జరిపించెను. 1938లో టి. ఎన్. రామచంద్రన్ ఆ పనిని కొనసాగించెను.

ఈ సంగతిని మనము ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. ఆ ఉపాధ్యాయుడు రాయిని చూచి ఊరకున్నచో ఏమి జరిగియుండెడిది? ఆనకట్ట కట్టునాటికి ఆ లోయ విలువ తెలిసినవారు ఎవరును ఉండెడివారు కారేమో!

నీరు రాకముందే

1955 డిసెంబరు 10న ప్రధానమంత్రి శ్రీ జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. జలాశయపు పూర్తి మట్టము 590 అడుగులు. అనగా లోయ అంతయు మునుగును. లక్షల ఎకరములకు నీరు కావలెను, ఆనకట్ట ఆగరాదు. లోయలోని చరిత్రయు పోరాదు. ఈ రెంటిని ఎట్లు పొందుపరచుట?

భారత ప్రభుత్వ పురావస్తు శాఖవారు దీనికి పూనుకొనిరి. శ్రీ ఆర్. సుబ్రహ్మణ్యము ఆధ్వర్యమున 1954 మొదలు 1960 వరకు లోయలో విస్తారముగా త్రవ్వకములు జరిగెను. నూరుకు పైబడిన స్థలములను పరిశీలించిరి. రాతియుగపు పనిముట్లు మొదలుకొని మహాశిలా సమాధులు, ఇక్ష్వాకుల విహారములు, మధ్యయుగపు కట్టడముల వరకు బయటపడెను. ఎదుటి గట్టున నల్లగొండ వైపునగల ఏలేశ్వరమును రాష్ట్ర పురావస్తు శాఖవారు త్రవ్వించిరి.

త్రవ్వకము అనగా గుంత తీసి వస్తువులను ఏరుకొనుట కాదు. మట్టి పొరలు పొరలుగా ఉండును. పై పొర తరువాతి కాలమునది, అడుగు పొర ముందటి కాలమునది. ఏ వస్తువు ఏ పొరలో, దేని ప్రక్కన దొరకినదో వ్రాసికొనకున్నచో ఆ వస్తువు నోరులేనిదగును. అందుచేత ప్రతి గోడను కొలిచి, పటము గీసి, ఛాయాచిత్రము తీసిన పిమ్మటనే కదలించవలెను. ఈ పనికి తొందర పనికిరాదు. కాని ఆనకట్ట పని సాగుచుండెను. నీరు రాకముందే ఆ పని ముగియుటకు కారణము, పనిని ముందుగా ఆరంభించుటయే.

లోయలోని అన్ని కట్టడములను తరలించుట అసాధ్యము. అందుచేత ముఖ్యమైనవి ఎంచబడెను. తొమ్మిది కట్టడములను కొండపైకి చేర్చి పూర్వరూపమున తిరిగి నిర్మించిరి. మరి పదునాలుగింటికి పెద్ద నమూనాలు చేయించిరి. రంగస్థలమును, మరికొన్ని కట్టడములను కుడిగట్టునగల అనుపు వద్ద తిరిగి నిర్మించిరి. శిల్పములను, శాసనములను, నాణెములను, పూసలను భద్రపరచుటకు కొండమీదనే విహారపు ఆకృతిలో ఒక ప్రదర్శనశాలను కట్టించిరి. అది 1966లో ప్రారంభమయ్యెను. 1967 ఆగస్టు 4న ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధి కాలువలకు నీరు వదలిరి. లోయ మునిగినది. కోటకొండ ద్వీపమైనది.

నేటి ద్వీపము

నేడు ఈ ద్వీపమును చూడదలచినవారు కుడిగట్టునగల విజయపురి సౌత్ నుండి లాంచీలో వెళ్ళవలెను. సుమారు గంట ప్రయాణము. నీటిమట్టమును, గాలివానలను అనుసరించి లాంచీలు నడుచును గనుక ముందుగా విచారించుకొనుట మంచిది. ఖమ్మము నుండి పోవువారికి సూర్యాపేట, మిర్యాలగూడెముల మీదుగా సాగరునకు దారి ఉన్నది.

లాంచీ దిగి పైకి నడిచినచో పాతకోట గోడల నడుమగనే ప్రదర్శనశాలను చేరుదుము. లోపల పల్నాటి సున్నపురాతిపై చెక్కిన బుద్ధుని జీవితగాథలు, జాతక కథలు, నిలువెత్తు బుద్ధ విగ్రహము కనుపించును. మునిగిన లోయ ఎట్లుండెనో తెలియుటకు నమూనా కూడ ఉన్నది. వెలుపల చెట్ల నీడలలో, పచ్చిక నడుమ, చైత్యములు, విహారములు, సున్నపురాతి స్నానఘట్టము పునర్నిర్మితమై ఉన్నవి. బురుజు మీద సిపాయి కాచిన చోటినుండి నేడు బడిపిల్లలు నీటిని చూచుచున్నారు.

అనుపులోని రంగస్థలపు మెట్లమీద కూర్చుండి చూచినవారికి నాటి ప్రజలు ఆటపాటలను ఎట్లు చూచి ఆనందించిరో పుస్తకము లేకయే తెలియును. ఎడమగట్టున, నాగార్జునసాగర్ వద్ద, 274 ఎకరములలో తీర్చిన బుద్ధవనము 2022 మే 14న ప్రారంభమైనది. ఈ మూడింటిని కలిపి చూచినచో యాత్ర సంపూర్ణమగును.

ఇతర దేశములందు

సైనిక స్థలములు ప్రజల స్థలములగుట ఇతర దేశములందును జరిగినది. ఫిన్లాండు రాజధాని హెల్సింకి ఎదుట సముద్రములో సువోమెన్‌లిన్నా అను దీవికోట ఉన్నది. దానిని స్వీడను ప్రభుత్వము 1748లో కట్టనారంభించెను. తరువాత రష్యావారు, అటుపిమ్మట ఫిన్లాండువారు దానిని ఏలిరి. 1973లో అది పౌరపరిపాలన క్రిందికి వచ్చెను. 1991లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపబడెను. న్యూయార్కు రేవులోని గవర్నర్స్ ద్వీపమున 1966 వరకు సైన్యమును, 1996 వరకు తీరరక్షక దళమును ఉండెను. నేడది ప్రజల ఉద్యానవనము. అచ్చట కళాప్రదర్శనలు జరుగుచున్నవి.

నీటికి తావిచ్చి చరిత్రను కాపాడుకొనుటకు ఈజిప్టు మంచి ఉదాహరణము. నైలునదిపై అస్వాను ఆనకట్ట కట్టునపుడు అబూ సింబెల్ దేవాలయములను 1964, 1968 సంవత్సరముల మధ్య ముక్కలుగా కోసి సుమారు 65 మీటర్ల ఎత్తునకు చేర్చిరి. అనేక దేశములు అందులకు ధనసహాయము చేసెను. మన నాగార్జునకొండ త్రవ్వకములు అంతకు ముందే ముగిసినవని మనము సగర్వముగా చెప్పుకొనవచ్చును.

గోదావరి తీరమున

ఇక మన భద్రాచలము వైపు చూతము. పోలవరము ప్రాజెక్టు పూర్తి నీటిమట్టము 150 అడుగులు. ఒకప్పుడు ఖమ్మము జిల్లాలో ఉండి 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కూనవరము, వరరామచంద్రపురము, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలములలో అనేక గ్రామములు ముంపు క్రిందికి వచ్చుచున్నవి. శబరి గోదావరిలో కలియు చోటు, కోయల, కొండరెడ్ల గూడెములు, ఇప్పచెట్లు, గ్రామదేవతల గద్దెలు ఆ నేలమీదివే. వేలేరుపాడు మండలములోని రుద్రమకోట వద్ద పురావస్తు శాఖవారు మహాశిలా సమాధులను త్రవ్వించిరి. మన అడవి అంచులలో, పినపాక వైపున జానంపేట మొదలగు చోట్ల, ఇట్టి సమాధులు మరెన్నో కలవు. వాటిని జనులు రాకాసిగూళ్ళనుట కద్దు. అవి రాకాసులవి కావు, మన పూర్వులవి.

నాగార్జునకొండ మనకు రెండు సంగతులు చెప్పుచున్నది. మొదటిది: నీరు రాకముందు చేసిన పనియే పని, నీరు వచ్చిన తరువాత చేయగలిగినది ఏమియు లేదు. రెండవది: రాతిని తరలించుట తెలిసిన విద్య, ఊరిని తరలించుట అంతకంటె కష్టమైన విద్య. పుల్లారెడ్డిగూడెము వంటి పల్లెలవారు తాతముత్తాతల నేలను విడిచి పోయిరి. వారి త్యాగము లేనిదే పాలేరునకు నీరు లేదు. చైత్యమును కొండపైకి చేర్చవచ్చును. కాని జాతర జరిగిన మర్రినీడను, పొలముల పేర్లను, నాట్లనాటి పాటలను మోసికొనిపోవుట ఎట్లు? వాటిని ఆ ఊరి పెద్దల నోట విని వ్రాసికొనుట ఒక్కటే మార్గము. భూమి పండుగ ఎట్లు జరుపుదురో, ఏ గద్దె ఏ యింటివారిదో, ఏ వాగునకు ఆ పేరెందుకు వచ్చినదో చెప్పగల వృద్ధులు ఉన్నప్పుడే ఆ పని జరుగవలెను. దీనికి పెద్ద ధనము అక్కరలేదు. ఒక పుస్తకము, ఒక కలము, ఓర్పుగల ఒక యువకుడో యువతియో చాలును.

మనము చేయదగినది

ముంపు లేని ఊళ్ళలోను చరిత్ర నశించుచున్నది. అచ్చట దానిని ముంచునది నీరు కాదు, అశ్రద్ధ. నేలకొండపల్లి రామదాసుగారి జన్మస్థలమని అందరికి తెలియును. ఆ ఊరి చెంతనే పెద్ద బౌద్ధస్తూపము ఉన్నదని ఎందరికి తెలియును? ఖమ్మము ఖిల్లా గోడలు, జాఫరుబావి మెట్లు మన ఎదుటనే ఉన్నవి. వాటిని చూచుటకు లాంచీ కూడ అక్కరలేదు.

కనుక గ్రామస్థులకు మా మనవి యిది. పొలము దున్నునపుడు గాని, బావి త్రవ్వునపుడు గాని పాత నాణెములు, విగ్రహములు, అక్షరములుగల రాళ్ళు దొరకినచో దాచకుడు, కరగింపకుడు, అమ్మకుడు. 1878 నాటి నిధుల చట్టము ప్రకారము నేలలో దొరకిన పది రూపాయలకు మించిన విలువగల నిధిని గూర్చి జిల్లా కలెక్టరునకు తెలుపవలెను. కదలించక ఉన్నచోటనే ఉంచి రెవెన్యూ అధికారులకు తెలిపినచో దాని చరిత్రయు నిలుచును. నిధి ఉన్నదని గుప్తముగా సమాధులను, గుడులను త్రవ్వువారిని ఊరివారే అడ్డుకొనవలెను. కోటగోడ రాళ్ళను ఇండ్లకు తరలింపరాదు. పాతరాళ్ళపై పేర్లు చెక్కరాదు, రంగులు పూయరాదు. ఉపాధ్యాయులు ఏడాది కొకసారియైనను పిల్లలను సమీపమునగల పురాతన స్థలమునకు తీసికొనిపోయి చూపవలెను.

1926లో ఒక ఉపాధ్యాయుడు ఒక స్తంభమును చూచి ఊరకుండలేదు. అందుచేతనే నేడు కొండపై చైత్యము నిలిచి ఉన్నది. మన ఊరి పొలిమేరలో ఒరిగియున్న రాయిని రేపు ఉదయమే ఒకసారి ఆగి చూతము. దానిమీద అక్షరములు ఉన్నవేమో!